జగిత్యాల దాటినంక చుక్కలు

మా ఇంటి ముందరి గది తలుపు పక్కన ఒక చిన్న బోర్డు ఉంటుంది. ఇంటర్నెట్ లైన్లు వేస్తామనీ, చెడిపోతే బాగుచేస్తామనీ రాసి, కింద ఒక్క పేరు: సరిత. ఇంటిపేరు లేదు, చదివిన డిగ్రీ లేదు. "గవన్ని పెడితే మనుషులు లోపట్కి రాకముందే అంచనాలు కడ్తరు ఆంటీ" అంటుంది.

ఆమె మొదటిసారి వచ్చిన రోజుల్లో ఆ బోర్డు ఒక కంపెనీది. కుర్చీలు కంపెనీవి, డబ్బాలు కంపెనీవి, తాళంచెవి కూడా కంపెనీదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్లకు మేనేజరు మా అన్న కొడుకు శ్రీకాంత్. కోరుట్లలో గది వెతుకుతూ, "అత్తా, నీ ముందర గది ఖాళీగనే ఉన్నది గదా" అన్నాడు. నేను పుస్తకాలు పెట్టుకునే గది అది. పుస్తకాలు వెనక్కి జరిగాయి, వాటితో పాటు నేనూ జరిగాను. నడుమ ఒక పలచటి గోడ. ఆ గోడ అవతల ఆమె జీవితం ఎట్లా నడిచిందో ఇన్నేళ్లు వింటూనే ఉన్నాను. ఇప్పుడు కూర్చుని రాయాలనిపించింది.

సరిత చందుర్తి పిల్ల. తండ్రి సామేలు, తల్లి నర్సవ్వ. చర్చి పక్క గల్లీలో ఇల్లు, ఒకరి చేనులో కూలి. సరిత జగిత్యాలలో హాస్టల్లో ఉండి కంప్యూటర్లు చదివింది. నౌకరీ వచ్చిందని తెలిసి నర్సవ్వ చూడటానికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చెప్పులు గేటు బయటే విడిచి, గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"దొర్సానీ, మా పిల్లకు ఏం తెల్వది. జర సూసుకోండ్రి."

లోపలి నుంచి సరిత గొంతు వినిపించింది. "ఏం తెల్వకుంటె నౌకరెట్ల ఇచ్చిండ్రే అవ్వా? ముందుగాల చెప్పులు లోపట్కి తెచ్చుకో, కుక్క ఎత్కపోతది. ఆంటీ, మీరన్న చెప్పుండ్రి."

"దొర్సానిని పట్టుకొని ఆంటీ అంటవా? నోరు కడుక్కోయే!"

"దొరతనం పోయి ఎన్నేండ్లాయెనే! ఆమెకు గుడ గా పిలుపు బరువే. గంతేనా ఆంటీ?"

అంతేనన్నాను. అది నిజం. అంతకుముందు ఎవరూ నన్ను ఆ సంగతి అడగలేదు.

ఆమె చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది కూడా ఆమే. మూడు ఊళ్లలో మూడు డబ్బాలు. వాటిని రూటర్లు అంటారు. ఏ మాట ఏ తొవ్వన పోవాలో చెప్పే పని వాటిది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు దగ్గరి తొవ్వ చందుర్తి మీదుగా. అక్కడ నడుమ ఒక చిన్న డబ్బా ఉంది. రెండో తొవ్వ చుట్టు తిరుగుడు, జగిత్యాల మీదుగా. చందుర్తి తొవ్వ పడిపోతే కోరుట్ల డబ్బా తనంతట తానే జగిత్యాల వైపు తిరుగుతుంది.

ఒకరోజు తెర మీద ఏవో గీతలు పడుతుంటే, అవేమిటని అడిగాను.

"తొవ్వ ఆరా దీసుడు ఆంటీ. ఒక మనిషిని పంపుతమనుకో. ప్రతి మలుపు కాడ నిలబడి 'నేను ఈడిదాక అచ్చిన' అని కేకెయ్యాలె. కేక ఇనబడితే ఈడ ఒక వరస పడ్తది. ఇనబడకుంటె చుక్కలు పడ్తయి."

"చుక్కలు పడితే మనిషి పోయినట్టేనా?"

"పోయినట్టు గాదు. మనకు ఇనబడనట్టు. గంతే." చెప్పి నవ్వింది. ఆ తర్వాత జరిగినదంతా తలుచుకున్నప్పుడు నాకు ముందుగా ఆ నవ్వే గుర్తొస్తుంది. ఆమెకు తెలియని సంగతి కాదది.

చందుర్తి తొవ్వంటే ఆమెకు ప్రాణం. కేబుల్ వేసినప్పుడు ఆ కందకం తవ్విన కూలీల్లో సామేలు ఉన్నాడు. ఊరి పొలిమేరలో కల్వర్టు దగ్గర రాయి తగిలి గడ్డపార దిగలేదు. కాంట్రాక్టరు అక్కడ తవ్వకుండా, నల్ల ప్లాస్టిక్ పైపులో కేబుల్ దూర్చి కల్వర్టు అంచు వెంట పైపైనే పరిచేశాడు. "మా నాయిన తవ్విన తొవ్వ ఉండంగ చుట్టు తిరుగుడెందుకు?" అని సరిత సిరిసిల్ల డబ్బాలో తన చేత్తో ఒక ఆజ్ఞ రాసిపెట్టింది. కోరుట్లకు ఏ జవాబు పంపినా చందుర్తి మీదుగానే పంపాలి. కరెంటు పోయి చందుర్తి డబ్బా ఆరిపోయినప్పుడల్లా సిరిసిల్ల డబ్బా అది చూసి జగిత్యాల వైపు తిరిగేది. అందుకని ఆ రాతలో లోపం ఉందని ఎవరికీ తట్టలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు బావుల్లో పని ఆగడంతో కరెంటు ఉన్న గంటల కంటే లేని గంటలే ఎక్కువయ్యాయి. కోరుట్ల చౌరస్తాలో టెంటు వేశారు. సరిత గదికి తాళం వేసి టెంటులో కూర్చుంది. తాళం వేసే ముందు శ్రీకాంత్ ఫోన్లో అరుస్తుంటే గోడ ఇవతలికి కూడా వినిపించింది.

"మనది సర్కారు ఆఫీసు గాదు సరితా! ప్రైవేటోళ్లకు సమ్మె ఏంది?"

"సకల జనులు అన్నరు సార్. నేను జనం గానా?"

జగిత్యాల గది చూసుకునే బాలకిషన్ కూడా ఆమెతో పాటే సమ్మెలో చేరాడు. తెగిన కేబుల్ను వెంట్రుకంత సన్నటి పోగు పోగుగా అతికే చేయి అతనిది. ఆ పని చేస్తున్నప్పుడు తప్ప మిగతా వేళల్లో నోరు మూసుకునే మనిషి కాదు. జగిత్యాల టెంటులో మైకు అందుకుంటే ఇక దించడని పేరు.

లైను పడిపోయిన రోజున ఊరూరా రోడ్ల మీద వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. వచ్చే బండ్లు ఆగాల్సిందే. మధ్యాహ్నం శ్రీకాంత్ నాకు ఫోన్ చేశాడు. "అత్తా, సరిత ఫోన్ ఎత్తుతలేదు. సిరిసిల్ల మొత్తం పడిపోయింది. పని చెయ్యొద్దు, యాడ తెగిందో ఒక్కసారి చూసి చెప్పుమను. చాలు." నేను టెంటు దాకా నడిచిపోయి చెప్పాను. ఆమె వచ్చి తాళం తీసింది. డబ్బా మీద చందుర్తి వైపు దీపం ఆరి ఉంది. "ఎప్పటి లెక్కనే, కరెంటు లేదు" అని గొణుక్కుంది. తర్వాత తొవ్వ ఆరా తీసింది. మొదటి వరుసలో కోరుట్ల, రెండో వరుసలో జగిత్యాల. ఆ కింద అన్నీ చుక్కలే.

టెంటులో ఆమె పేరు మైకులో పిలుస్తున్నారు. కుర్చీలో కూర్చోకుండానే ఫోన్ చేసింది.

"జగిత్యాల అవతల తెగినట్టుంది సార్." అంతే. తాళం వేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆమెకు ఇంకో గుబులు పట్టుకుంది. సామేలు బిడ్డను చూడటానికి కోరుట్ల వచ్చి ఉన్నాడు. సిరిసిల్లలో కంటి డాక్టరుకు చూపించుకుంటానని పొద్దున్నే బయల్దేరాడు. చందుర్తి రోడ్డు బందయిందని తెలిసి జగిత్యాల వైపు పోయే ఆటో ఎక్కాడు. చీకటి పడినా తిరిగి రాలేదు. ఆ ముసలాయన దగ్గర ఫోన్ లేదు, చందుర్తి ఇంట్లోనూ లేదు. జగిత్యాలలో చిక్కుకున్నాడేమోనని సరిత అక్కడి వాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఎవరూ చూడలేదన్నారు.

మర్నాడు పొద్దున నేను చాయ్ తీసుకుని ముందరి గదిలోకి వెళ్లేసరికి శ్రీకాంత్ కారు గేటు ముందు ఉంది. సరిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

బాలకిషన్‌ను ఠాణాకు తీసుకుపోయారు. సమ్మె పేరుతో జగిత్యాల లైను కావాలని తెంపాడని కంపెనీ ఫిర్యాదు.

"గదికి తాళంచెవి వాని దగ్గరనే ఉంది. పొద్దంత మైకుల 'అన్నీ బంద్ చేస్తం' అని ఒర్రింది వాడే" అన్నాడు శ్రీకాంత్. అలసిపోయి ఉన్నాడు. పై వాళ్ల తిట్లు తిని వచ్చినట్టున్నాడు. "నాకు గుడ వాని మీద పగ లేదు. తప్పయిందని రాసియ్యుమను. మీరిద్దరు రేపటి నుంచి డ్యూటీకి రాండ్రి. ఫిర్యాదు నేనే వాపస్ తీసుకుంట."

"తెంపనోడు తెంపిన అని ఎట్ల రాస్తడు సార్?"

"తెగింది జగిత్యాల అవతల అని చెప్పింది ఎవరు? నేనా?"

ఆ మాట సరితకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. బాలకిషన్ పెండ్లాం అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి ఏడ్చింది. తెంపినట్టు రాసిస్తే అతని మీద కేసు ఉండదు, కానీ తెంపినోడన్న పేరు ఉండిపోతుంది. రాయకపోతే కేసు. రెండింటికీ మూలం సరిత అన్న ఒక్క మాట.

అప్పుడే గేటు చప్పుడైంది. నర్సవ్వ వచ్చింది, నెత్తి మీద చిన్న మూట. బిడ్డ సమ్మెలో తింటుందో లేదోనని సద్ద రొట్టెలు తెచ్చింది. శ్రీకాంత్‌ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"అవ్వా, నాయిన రాత్రి రాలేదే! జగిత్యాల్ల యాడ చూసినా లేడు!"

"జగిత్యాల్ల ఎందుకుంటడే? ఇంట్లనే ఉన్నడు. గుర్రు పెట్టి పన్నడు."

"మన ఇంట్లనా? పోయింది జగిత్యాల మీదికెళ్లి గదా!"

"పొయ్యేటప్పుడు పోయిండు. సిరిసిల్లకు మంచిగనే చేరిండు, కండ్లల్ల మందు ఏయించుకుండు. అచ్చేటప్పుడు అలవాటున్న ఆటో ఎక్కిండు. చందుర్తిదాక అచ్చిండు. ఈ దిక్కు రావడానికి తొవ్వేది? కల్వర్టు కాడ మేమే పొయ్యిలు పెట్టి కూసున్నం. నన్ను సూసి 'నన్నన్న పోనియ్యే' అన్నడు. 'అందరికీ ఒకటే లెక్క, కూసోని తిను' అన్న. తిన్నడు, ఇంటికి పోయిండు." నర్సవ్వ నవ్వింది. "నువ్వేమో జగిత్యాల్ల దేవులాడుతున్నవ్."

సరిత నవ్వలేదు. తల్లి ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"అవ్వా, నిన్న ఊళ్ల కరెంటు ఉన్నదా?"

"లేకుంటె మైకెట్ల మోగుతది? వింతనే మరి, పొద్దంత ఉన్నది. మేం వండుకుంట ఆడుకుంట..."

ఆ మాట పూర్తి కాకముందే సరిత కుర్చీలో కూర్చుంది. నిన్న కూర్చోని కుర్చీ అది.

తర్వాత ఆమె ఏం చేసిందో గట్టిగా చెబుతూ చేసింది. శ్రీకాంత్ వినాలని కాబోలు, తాను వినాలని కూడా అయి ఉంటుంది. కోరుట్లలో కూర్చునే తెర మీద జగిత్యాల డబ్బాలోకి పోయింది. అక్కడ నిలబడి సిరిసిల్లను పిలిచింది. సిరిసిల్ల వెంటనే పలికింది.

"సూడుండ్రి సార్. జగిత్యాల అవతల ఏం తెగలేదు."

జగిత్యాల నుంచి సిరిసిల్ల డబ్బాలోకి పోయింది. అక్కడి నుంచి చందుర్తి డబ్బాలోకి. అది కూడా బతికే ఉంది, కరెంటు ఉంది. ఇల్లంతా చుట్టి వెనక వాకిట్లోకి వచ్చినట్టు వచ్చింది. చందుర్తి డబ్బాకు కోరుట్ల వైపు చూసే దీపం ఒక్కటే చచ్చిపోయి ఉంది.

"మా నాయిన లెక్కనే అయింది" అంది. "ఈడికెళ్లి పోయిన మాట జగిత్యాల మీదికెళ్లి సిరిసిల్లకు చేరింది. చేరిన అని సిరిసిల్ల జవాబు పంపింది. జవాబు మాత్రం చందుర్తి మీదికెళ్లి పంపింది, ఎందుకంటె గట్లనే పంపుమని నేను రాసి పెట్టిన. చందుర్తి డబ్బా ఆరిపోతే సిరిసిల్లకు తెలుస్తుండె. అది ఎలుగుతనే ఉన్నది. అది ఎలిగినంత సేపు తొవ్వ మంచిగనే ఉన్నదనుకున్నది. జవాబులు చందుర్తిదాక అచ్చి, ఇటు దాటలేక పోతున్నయి. నాకేమో జగిత్యాల దాటినంక చుక్కలు కనబడ్డయి."

శ్రీకాంత్ తెర దగ్గరికి వంగాడు. అతనికీ తెలిసిన విద్యే. కాసేపు చూసి, "నువ్వు చెప్పేది ఒక లెక్క. ఠాణాల లెక్కలు నడవయి. సాక్ష్యం ఏది?" అన్నాడు.

"మీరు నా పక్కనే ఉన్నరు. జగిత్యాల వైరును ఎవ్వలు ముట్టలేదు. బాలకిషనన్న ఠాణాల ఉన్నడు. ఇగ సూడుండ్రి." సిరిసిల్ల డబ్బాలో తాను రాసిన ఆజ్ఞను తీసేసింది. తొవ్వ ఆరా తీసింది. కోరుట్ల. జగిత్యాల. సిరిసిల్ల. ఒక్క చుక్క లేదు.

శ్రీకాంత్ పెద్దగా ఊపిరి వదిలాడు. "అచ్చింది గదా! ఇగ గిట్లనే ఉంచు."

ఆమె వేళ్లు మళ్లీ కదిలాయి. ఆజ్ఞ ఎక్కడిదక్కడ పెట్టింది. తెర మీద మళ్లీ చుక్కలు.

"ఏం చేసినవ్!"

"నిన్న ఎట్లుండెనో గట్లనే పెట్టిన. నేను సమ్మెల ఉన్న సార్. ఇప్పుడు చేసింది డ్యూటీ గాదు, సాక్ష్యం."

"ఇప్పుడు కేసు నీ మీద పెట్టొచ్చు, తెలుసా?"

"పెట్టుండ్రి. గది నిజమైన కేసు అయితది. నిజమైనదానికి నేనే నడుసుకుంట ఠాణాకు పోత. జీపు గుడ పంపుడు అవసరం లేదు."

నర్సవ్వ రొట్టెల మూట విప్పకుండానే గుండెకు హత్తుకుంది. ఏం జరుగుతోందో ఆమెకు సగమే తెలిసింది. ఆ సగం చాలు భయపడటానికి.

"హైదరాబాదోళ్లతోని చేయించుకుంట" అన్నాడు శ్రీకాంత్. అన్నట్టే ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి ఎవరో ఆ ఆజ్ఞ తీసేశారు, లైను వచ్చింది. సరితకు దాని గురించి పట్టింపు లేదు. వాళ్లు చేస్తే అది వాళ్ల పని అంది. ఆమె అడుగుతున్నది ఒక్కటే. బాలకిషన్ ఏమీ రాసివ్వకుండా బయటికి రావాలి.

శ్రీకాంత్ అందుకు ఒప్పుకుంటూనే ఇంకో మెలిక పెట్టాడు. "సరే, జగిత్యాల గాదు. కోరుట్లకు, చందుర్తికి నడుమ ఎవరో తెంపిండ్రు గదా. ఫిర్యాదు వాపస్ తీసుకుంటే పై వాళ్లకు నేను ఇంకో పేరు చెప్పాలె. పోయి చూద్దాం పాండ్రి. అత్తా, నువ్వు గుడ రా. ఆ ఊరోళ్లు నీ మాట ఇంటరు."

నా మాట ఎందుకు వింటారని అతను అనుకుంటున్నాడో నాకు తెలుసు. అయినా కారెక్కాను. సరిత, నర్సవ్వ వెనక ఎక్కారు.

చందుర్తి పొలిమేరలో కల్వర్టు పక్కన ఆ రోజూ ఆడవాళ్లు పొయ్యి పెట్టుకుని ఉన్నారు. రోడ్డు ఇంకా మూయలేదు. పొద్దు వాలినాక మూస్తారట. శ్రీకాంత్ కారును కల్వర్టు దాటించి చెట్టు నీడన ఆపాడు. సరిత దిగి నేరుగా కల్వర్టు అంచుకు పోయింది. వంగి చూసి, అక్కడే కూలబడింది.

తెంపిన గుర్తు ఎక్కడా లేదు. గాలికి అడ్డం ఉంటుందని కల్వర్టు గోడ చాటున పొయ్యి పెట్టారు. మూడు రాళ్లలో రెండు సరిగ్గా ఆ నల్ల పైపుకు ఆనుకుని ఉన్నాయి. పైపు కరిగి కారి, లోపలి కేబుల్ బొగ్గయింది. పొద్దంతా వండితే ఇంకేమవుతుంది?

"ఇది ఎవరి పొయ్యి?" అన్నాడు శ్రీకాంత్.

నర్సవ్వ ముందుకొచ్చింది. పొద్దున గుమ్మంలో ఆగిన మనిషి ఇప్పుడు ఆగలేదు. "నాదే. రాళ్లు నేనే తెచ్చిన. మోరీ నీళ్ల పైపనుకున్న. కాలితే నీళ్లు కారుతయి గదా, కారలేదు, మంచిగనే ఉన్నదనుకున్న."

"పేరు?"

సరిత లేచింది. "పేర్లు కావాలె గదా సార్, రాసుకోండ్రి. ముందుగాల నాది రాయుండ్రి. కూసోని చూడకుంట జగిత్యాల అన్నది నేను. సిరిసిల్లల తొవ్వ కట్టేసింది నేను. మా అవ్వది ఒకటే పొయ్యి, నావి రెండు తప్పులు. రాయుండ్రి, సరిత, తండ్రి సామేలు. ఈ కందకం తవ్వినోడు."

"నర్సవ్వ" అంది తల్లి. "మొగని పేరు గుడ గదే."

"రాధమ్మ" అంది గరిటె పట్టుకున్నామె. "కట్టెలు నావి. కట్టెలు లేంది పొయ్యి కాలుతదా?"

"బియ్యం మావి" అని ఇంకొకామె. "నీళ్లు మేం మోసినం" అని ఇంకో ఇద్దరు. "ఉప్పు నేనేసిన సారూ, ఎక్కువైంది, గది గుడ రాసుకో" అని వెనక నుంచి ఒక ముసలామె అంటే అందరూ గొల్లుమన్నారు. శ్రీకాంత్ ముఖం ఎర్రబడింది. ఒకరి పేరు కోసం వచ్చిన మనిషికి ఊరు ఊరంతా పేర్లిస్తోంది.

నా వైపు తిరిగాడు. "అత్తా, నువ్వన్న చెప్పు వీళ్లకు."

అప్పటికి నర్సవ్వ నా చేతిలో విస్తరి పెట్టింది. కల్వర్టు గోడ మీద నాకు చోటు చేసింది.

"నేను చెప్పేదేముంది శ్రీకాంత్" అన్నాను. "అన్నం పెట్టిన్రు, తింటున్న. ఇంట్ల పొద్దున చుక్కలు పోయింది, మల్ల అచ్చింది నా కండ్లతోని చూసిన. ఠాణాల అడిగితే గదే చెప్త. ఈడ పొయ్యి చూసిన. గది గుడ చెప్త."

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు నా పుస్తకాల మధ్యే పడుకునేవాడు. ఫోన్ తీసి దూరంగా నడిచాడు. తిరిగి వచ్చి, ఫిర్యాదు పొరపాటున ఇచ్చామని చెప్పాననీ, బాలకిషన్ ఏమీ రాసివ్వనక్కర్లేదనీ అన్నాడు. "సంతోషమేనా?" అని సరితను అడిగాడు.

"ఆయినె వచ్చి ఈడ నిలవడ్డంక చెప్త సార్."

పొద్దు వాలుతుండగా జగిత్యాల దోస్తుల ఆటోలో బాలకిషన్ వచ్చాడు. దిగుతూనే మొదలుపెట్టాడు. "ఏం సరితక్కా! నీ ఒక్క మాటకు నాకు ఠాణాల ఉప్మా దొరికింది. ఇంకో మాట అంటివా, పూరీ దొరుకుతుండె!"

"తప్పయింది అన్నా. చుక్కలు చూసి కూసోకుంటనే చెప్పిన."

"నా పెండ్లానికి చెప్పు. నాకు గాదు." నవ్వుతూనే అన్నాడు. సరిత అక్కడే ఫోన్ తీసి అతని ఇంటికి చేసింది. ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు.

బాలకిషన్ కల్వర్టు అంచున కూర్చుని కాలిన కేబుల్ను వేళ్లతో తడిమాడు. ఆ వేళ్లు వేరే మనిషివి, నెమ్మదైనవి. కమిలిన భాగం కోసి పారేసి, రెండు కొసలకూ ప్లాస్టిక్ సంచి చుట్టి తాడు బిగించాడు.

"మిషన్ కారుల ఉన్నది" అన్నాడు శ్రీకాంత్. "పొద్దు ఉండంగనే అతుకు."

"సమ్మె అయినంక సార్. వానకు తడవకుంట మూత కట్టిన, గంతే."

"తెంపలేదంటివి గదా!"

జవాబు సరిత ఇచ్చింది. "తెంపలేదు. అతకం గుడ. రెండూ మేమే చెప్తున్నం, మైకుల గుడ చెప్తం. మీరు పై వాళ్లకు రాసేది ఉంటె గా రెండు ముక్కలు రాయుండ్రి సార్, కింద నేను సంతకం పెడ్త."

ఆ రెండు ముక్కలకే సమ్మె ముగిసినాక కంపెనీ ఆమెను తీసేసింది. అంతకుముందు ఆమె, బాలకిషన్ కలిసి వచ్చి ఆ కల్వర్టు దగ్గర అతుకు వేసి, పైపును గోడకు అవతలి వైపు మార్చి, చెప్పిన మాట చెల్లించి మరీ వెళ్లారు. ముందరి గది ఖాళీ అయిన నెలలోనే ఆమె తన పేరుతో బోర్డు పట్టుకొచ్చింది. అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం బాలకిషన్ లేచి చేతులు దులుపుకుంటూ, "ఇగ పొయ్యి ఆర్పుండ్రి అవ్వా. కొసలకు వేడి తగలొద్దు" అన్నాడు.

"ఆర్పుడెందుకు?" అంది నర్సవ్వ. "ఎసరు కాగుతుండె. జరుపుతం."

ఇద్దరు ఆడవాళ్లు కుండను గుడ్డలతో అంచులు పట్టి ఎత్తారు. రాధమ్మ మండుతున్న కట్టెలను చేతుల్లో పట్టుకుని రోడ్డెక్కింది. కాలుతున్న రాళ్లకు తడి గోనె సంచులు చుట్టి, నర్సవ్వ ఒక రాయి, బాలకిషన్ ఒక రాయి తీసుకున్నారు. మూడోది బరువైనది. సరిత దాన్ని గోనెతో సహా పొట్టకు ఆనించుకుని మోసుకొచ్చి, రోడ్డు నట్టనడుమ దించింది. కుండ మళ్లీ రాళ్ల మీదికి ఎక్కింది. కట్టెలు కింద దూర్చారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు.

శ్రీకాంత్ కారు కల్వర్టు అవతల, చందుర్తి వైపు ఉండిపోయింది. అతను కారును చూశాడు, పొయ్యిని చూశాడు.

"మరి నేను కోరుట్లకు ఎట్ల పోవాలె?"

నర్సవ్వ పొయ్యిలోకి ఊదుతూ తల ఎత్తలేదు.

"జగిత్యాల మీదికెళ్లి పో బిడ్డా. గా తొవ్వ మంచిగనే ఉన్నదట."